నిచ్చెన వదిలిన మనిషి

మోర్‌కాంబ్,
9 ఫిబ్రవరి 1998

గేనర్‌కి,

ఆదివారం పేపర్లో నీ ఫోటో చూశాం. చూశామంటే నేను, డెస్మండ్, మా చేపల వేపుడు కొట్టుకి వచ్చే సగం ఊరు. నల్లకోటు బాగానే ఉంది. జుట్టు మాత్రం ఎవరో కక్షగట్టి కత్తిరించినట్టుంది. లండన్‌లో దానికి కూడా అర్థం ఉంటుంది కాబోలు.

నీ వెనకాల ఎనిమిదడుగుల చెక్కబోర్డు. మీగడరంగు మీద ఎర్ర అక్షరాలు, వాటికి నీలం నీడ. అచ్చం నాన్న చేతి రాత. ఆయన బతికుండగా ఊళ్ళో కొట్ల బోర్డుల మీద 'తాజా రొయ్యలు', 'కుక్కలకు ప్రవేశం లేదు' అని రాసేవాడు. నువ్వు అదే రాతతో 'నేను నిచ్చెన వదిలేశాను. నాన్న పడిపోయాడు. నాకప్పుడు పదకొండేళ్ళు' అని రాశావు. కింద పేపరువాళ్ళ వ్యాఖ్య: 'తన గాయాన్ని దాచుకోని ఏకైక కళాకారిణి.' దాచుకోవన్న సంగతి మాకు ముందే తెలుసు. నువ్వు తాగిన సంగతి, నువ్వు ఎవరెవరితో తిరిగిన సంగతి, నీ కడుపు పోయిన సంగతి, అన్నీ బోర్డుల మీదే కదా మాకు తెలిసింది. మిగతా కుటుంబాల్లో క్రిస్మస్‌కి కార్డు పంపుతారు. మాకు నీ ప్రదర్శన సూచిక వస్తుంది.

ముసలి మిసెస్ ఎంట్‌విసిల్ నిన్న రెండు చేపలు కట్టించుకుని, వెనిగర్ పోసుకుంటూ, "మీ చెల్లెలికి ఎంత ధైర్యం తల్లీ! నేనైతే సిగ్గుతో చచ్చేదాన్ని" అంది. దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకో.

ఫోన్ చేయడం లేదని నిష్ఠూరమాడకు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. ఉత్తరమైతే ఇద్దరికీ మర్యాద.

నీ అక్క,
బెరిల్


డెప్ట్‌ఫర్డ్, లండన్,
20 ఫిబ్రవరి

బెరిల్ అక్కా,

ఉత్తరం చదివి కళ్ళు చల్లబడ్డాయి. ఇన్నేళ్ళకి నా పని గురించి నాలుగు మాటలు రాశావు, అందులో ఒకటి నా జుట్టు గురించి. మరేం ఫర్వాలేదు. ఇక్కడి విమర్శకులకన్నా నువ్వే నయం. వాళ్ళు బోర్డు ముందు నిలబడి 'శూన్యం', 'దేహం' అంటారు. నువ్వు కనీసం బోర్డు చదివావు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. మన ఊరి కౌన్సిల్‌వాళ్ళు రాశారు. అవును, ఆ కౌన్సిలే. నేను బడి మానేసి పారిపోయినప్పుడు 'ఈ పిల్ల బాగుపడదు' అని కాగితం మీద రాసిచ్చిన మహానుభావులే. ఇప్పుడు నన్ను 'మోర్‌కాంబ్ ముద్దుబిడ్డ' అంటున్నారు. ఆల్బియన్ డాన్సు హాలు గోడ మీద, నాన్న పడిపోయిన ఆ గోడ మీదే, ఆ మూడు వాక్యాలూ నలభై అడుగుల పొడవున శాశ్వతంగా రాయమన్నారు. పర్యాటకులు పెరుగుతారట. ఒకప్పుడు ఊళ్ళో గాడిద సవారీ ఉండేది, ఇప్పుడు నేనున్నాను.

విట్ పండుగ శనివారం, మే 30న ఆవిష్కరణ. అదే సమయంలో ఇక్కడి పెద్ద మ్యూజియం వాళ్ళు అసలు బోర్డుని తమ దగ్గర పెట్టుకుంటామంటున్నారు. హ్యూగో, అంటే నా ప్రదర్శనలు నడిపే మనిషి, సంతోషంతో రోజూ కొత్త కళ్ళజోడు పెట్టుకొస్తున్నాడు.

కుటుంబ సభ్యులు ముందు వరసలో ఉండాలని కౌన్సిల్ కోరిక. కుటుంబమంటే నువ్వూ బావే. ఆ టోపీ పెట్టుకుని రా, పెళ్ళిళ్ళకి పెట్టుకునేది. చచ్చిన నెమలిలా ఉంటుందే, అది.

గేనర్


మోర్‌కాంబ్,
3 మార్చి

గేనర్‌కి,

అభినందనలు. ఇక నిదానంగా విను.

ఆ గోడ సముద్రానికి ఎదురుగా ఉంది. ఉప్పుగాలికి ఏ రంగైనా రెండేళ్ళలో పెచ్చులూడుతుంది. అక్షరాలు సగం రాలిపోయి 'నాన్న' మాత్రం మిగిలితే చూడ్డానికి బాగుంటుందా? పైగా ఆ హాలు కొప్పు మీద సముద్రపు పక్షులు కాపురముంటాయి. నీ గాయం మీద అవి ఏం చేస్తాయో నేను రాయక్కర్లేదు.

ఇంకోటి. పిల్లలతో సెలవులకి వచ్చేవాళ్ళు ఐస్‌క్రీమ్ తింటూ తలెత్తి చావు గురించి చదవాలా? ఊళ్ళో సగం గదులు ఇప్పటికే ఖాళీ. ఉన్న కొద్దిమందీ పక్క ఊరికి పోతారు.

మూడోది, అమ్మ. పోయి తొమ్మిదేళ్ళయినా ఆవిడకీ ఒక పరువుంటుంది. అంత పెద్ద అక్షరాలతో మన ఇంటి సంగతి రాయడం ఆవిడకి నచ్చేది కాదు.

అంతగా ఏదో ఒప్పుకోవాలని నీకు చేతులు దురదపెడితే, పధ్నాలుగేళ్ళప్పుడు వుల్‌వర్త్స్‌లో లిప్‌స్టిక్ కొట్టేసిన సంగతి రాయి. అది అందరికీ నచ్చుతుంది. నవ్వుకుంటారు కూడా.

డెస్మండ్‌కి నడుం పట్టేసింది. మే దాకా తగ్గేలా లేదు.

బెరిల్


డెప్ట్‌ఫర్డ్,
15 మార్చి

బెరిల్ అక్కా,

మార్చిలో పట్టేసిన నడుం మే 30న కూడా తగ్గదని ఇప్పుడే చెప్పగలిగిన వైద్యుడెవరో ఆయన చిరునామా పంపు. నాకూ అలాంటివాడే కావాలి.

గోడ వద్దనడానికి మూడు కారణాలు చెప్పావు, ఒకదానికొకటి పొసగడం లేదు. రంగు నిలవదంటావు, నిలిస్తే పరువు పోతుందంటావు. ఏదో ఒకటి తేల్చు. అక్కా, ఉప్పుగాలికి నిలిచే రంగు ఎలా కలపాలో నాన్న నాకు తొమ్మిదేళ్ళప్పుడే నేర్పాడు. నీకు నేర్పలేదు. నీకు ఆసక్తి ఉండేది కాదు. నీ ఆసక్తంతా మోటారు సైకిళ్ళ మీద ఉండేది.

ఒక్కసారి ఎగతాళి పక్కన పెడతాను. నాకు చేతకాదు గానీ ప్రయత్నిస్తాను.

ఆ రోజు నీకు ఎంత తెలుసో నాకు తెలీదు. మనం ఎన్నడూ మాట్లాడుకోలేదు. నాన్న ఆల్బియన్ గోడ మీద 'డాన్సింగ్' అని రాస్తున్నాడు. నా పని నిచ్చెన కింది మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడటం. "నేను దిగేదాకా కదలకు" అన్నాడు. ఎదురు రోడ్డులో ఈతకొలను దగ్గర అందగత్తెల పోటీ. బాండు వాయిస్తున్నారు. గంటసేపు ఓర్చుకున్నాను. తర్వాత దిగి పరిగెత్తాను. కంచె సందులోంచి ఏడో నంబరు అమ్మాయిదాకా చూశాను, పసుపు ఈత దుస్తులు, చలికి వణుకుతూ నవ్వుతోంది. వెనక్కి వచ్చేసరికి గోడ దగ్గర గుంపు. అమ్మ వచ్చి, "నిచ్చెన దగ్గర ఎవరున్నారు?" అని అరిచింది. "నేనే. వెళ్ళిపోయాను" అన్నాను. అందరి ముందూ చెంప మీద కొట్టింది. ఆ తర్వాత ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పిలవలేదు. పదహారో ఏట నేను రైలెక్కితే, "కోటు తీసుకుపో" అంది. అయిదేళ్ళలో నాతో ఆవిడ అన్న పెద్ద మాట అదే.

నేను రాసేవన్నీ ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతాయి. లిప్‌స్టిక్ చాలదు. ఆ గోడ మీద ఒక్కసారి రాసేస్తే ఆపేయగలనేమో అనిపిస్తోంది. నువ్వు పక్కన నిలబడు, అంతే. టోపీ లేకపోయినా సరే.

గేనర్


మోర్‌కాంబ్,
24 మార్చి

గేనర్‌కి,

నేను రాను. రంగు, పక్షులు, పరువు, ఏమీ లేదు. రాను.

బెరిల్


మోర్‌కాంబ్,
6 ఏప్రిల్

గేనర్‌కి,

నేను డెస్మండ్‌ని. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు.

మీ అక్క సరిగ్గా తినడం లేదు. కొట్టులో ఇద్దరికి ఉప్పు బదులు పంచదార చల్లింది. ఒకాయన బాగుందన్నాడు, అది వేరే సంగతి. నీకు చెప్పాల్సింది ఒకటుంది. తనే చెప్పాలి, నేను చెప్పకూడదు. ఆ గోడ పని ప్రస్తుతానికి ఆపు. దయచేసి.

నా నడుం బానే ఉంది.

డెస్మండ్


డెప్ట్‌ఫర్డ్,
10 ఏప్రిల్

బెరిల్ అక్కా,

మీ ఆయన నాకు ఉత్తరం రాశాడు. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి. చదివి భయం వేసింది. పరీక్షలో ఏదైనా జబ్బు తేలిందా? తేలితే తిన్నగా చెప్పు, వెంటనే వస్తాను. లేదూ కౌన్సిల్‌తో నీకేదైనా పాత తగాదానా? అదైతే నాకూ వాళ్ళతో ఉంది, ఇద్దరం కలిసి తిడదాం.

ఏదైనా సరే చెప్పు. నేను తట్టుకోలేని సంగతి ఉంటుందా? ఉన్న సంగతులన్నీ ఊరందరికీ చెప్పుకుని బతికేదాన్ని.

గేనర్


మోర్‌కాంబ్,
19 ఏప్రిల్

గేనర్‌కి,

నాకు జబ్బు లేదు. ఉంటే తేలికగా ఉండేది.

నువ్వు అందగత్తెల్ని చూడ్డానికి పరిగెత్తిన మాట నిజం. కానీ నువ్వు వెళ్ళాక నాన్న పడలేదు. నిచ్చెనని పక్క అక్షరం దగ్గరికి జరపాలని మామూలుగా దిగి వచ్చాడు. అప్పుడే నేను ఆయనకి భోజనం పట్టుకొచ్చాను. మాంసం కూరి కాల్చిన రొట్టె, ఫ్లాస్కులో టీ. నువ్వు లేవు. ఆయన సగం రొట్టె తిని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "బెరీ, కాస్త నువ్వు నిలబడు" అని మళ్ళీ ఎక్కాడు. నేను కింది మెట్టు మీద నిలబడ్డాను.

అర్థమయిందా? నిలబడ్డది నేను.

హాలు పక్కనే అద్దె గదుల ఇంటావిడ అంతకుముందే తన మెట్లు కడిగింది. సబ్బునీళ్ళు నిచ్చెన కింది రాళ్ళ మీదికి పారి ఉన్నాయి. అది చూశాను కూడా. రోడ్డుకి అవతల మోటారు సైకిల్ ఆగింది. డెస్మండ్. అప్పటికి పేరు తప్ప ఏమీ తెలీదు. "రాత్రి డాన్సుకి వస్తావా?" అని అరిచాడు. బాండు మోతలో వినపడనట్టు నటించాను, దగ్గరికెళ్ళి వినచ్చని. దిగి రోడ్డు దాటాను. అర నిమిషం ఉంటుంది. "వస్తాను" అని కూడా అనలేదు ఇంకా. వెనకాల నిచ్చెన రాళ్ళ మీద గీసుకుంటూ జారిన చప్పుడు.

నేను ఆయన దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే మాటలేదు. తర్వాత గుంపు, తర్వాత నువ్వు, తర్వాత అమ్మ. అమ్మ "ఎవరున్నారు?" అని అడిగినప్పుడు నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను. కానీ నువ్వు ముందే చెప్పేశావు. నీకు అప్పుడే ఒప్పుకోవడం వచ్చు. నా పని తప్పింది.

ఆ సాయంత్రం చెప్పాలనుకున్నాను, తర్వాత అంత్యక్రియలయ్యాక అనుకున్నాను. విచారణలో అధికారి, "మీరు ఎప్పుడు వచ్చారు?" అని అడిగాడు. "ఆయన పడ్డాక వచ్చాను" అన్నాను. ప్రమాణం చేసి మరీ. రొట్టె పొట్లం, ఫ్లాస్కు ఇంటికి తెచ్చి కడిగి గూట్లో పెట్టేశాను. డెస్మండ్ అంతా చూశాడు. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. మరుసటి ఏడాది పెళ్ళి చేసుకుందామన్నాడు. ఆ రోజు గురించి ఒక్కమాటైనా అనుకోకుండా ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. మేమిద్దరం ఎంత అన్యోన్యంగా ఉంటామో అని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఇన్నాళ్ళూ నీ బోర్డులు చూసి వెటకారం చేశాను. నీ బోర్డు ఎక్కడికెళ్ళినా దాని మీద ఉన్నది నా సంగతి. గోడ మీద రాయదల్చుకుంటే రాయి. నా పేరుతో రాయి.

బెరిల్


డెప్ట్‌ఫర్డ్,
27 ఏప్రిల్

బెరిల్,

అద్భుతం. నేను ఇరవై ఏళ్ళు కష్టపడి నిజాయితీతో పేరు తెచ్చుకున్నాను. తీరా చూస్తే నా నిజాయితీ అంతా పొరపాటు. బెర్లిన్‌లో, టొరాంటోలో, ఒసాకాలో ఆ బోర్డు పెట్టారు. ఒసాకాలో ఒకావిడ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడావిడకి ఏమని రాయను? 'అమ్మా, క్షమించండి, అది మా అక్కది, పొరపాటున నా సామానులో వచ్చేసింది' అనా?

ఒప్పుకోవడం నాకు అప్పుడే వచ్చని రాశావు. ఎంత చక్కగా రాశావు! నాకు పదకొండేళ్ళు. నీకు పంతొమ్మిది.

పోనీ, బోర్డుల సంగతి వదిలేస్తాను. అవి చెక్కలు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చాను, గుర్తుందా? ద్రాక్షపళ్ళు పట్టుకుని. లండన్ నుంచి నిలబడి వచ్చాను ఆ రైల్లో. నన్ను చూసి ఆవిడ గోడవైపు తిరిగింది. నువ్వు ఆ గదిలోనే ఉన్నావు. తలగడ సర్దుతున్నావు. ఒక్క వాక్యం చాలేది బెరిల్. నా వాక్యాలు ఎనిమిదడుగులుంటాయి. నీది చెవిలో చెప్పేంత ఉంటే సరిపోయేది.

నాకు రాయకు.

గేనర్


మోర్‌కాంబ్,
8 జూన్

గేనర్‌కి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. పడేయాలంటే పడేయి.

తలగడ సర్దుతూనే ఉన్నాను. నిజం. నువ్వు వెళ్ళాక అమ్మ, "ఆ పిల్ల ఒక్కచోట నిలబడి ఉంటే మీ నాన్న ఉండేవాడు" అంది. నేను ఇంకో తలగడ తెచ్చాను. నేను చేసినవాటిలో నిచ్చెన వదలడం అన్నిటికన్నా చిన్నది. దానికి అర నిమిషం పట్టింది. ఇది పద్దెనిమిదేళ్ళు, అమ్మ పోయేదాకా ప్రతిరోజూ చేశాను.

మే 30న ఆల్బియన్ దగ్గరికి వెళ్ళాను. గోడ ఖాళీ. కౌన్సిల్‌వాళ్ళు 'కళాకారిణి అనారోగ్య కారణాల వల్ల ఆవిష్కరణ లేదు' అని కాగితం అంటించారు. నలుగురు ఫోటో తీసుకుంటున్నారు. ఆ కాగితమే కళ అనుకున్నట్టున్నారు.

అక్కడినుంచి తిన్నగా మన ఊరి పేపరు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కూర్చున్న అమ్మాయి, "పోయిన వస్తువుల ప్రకటనా ఆంటీ?" అంది. "కాదమ్మా, దొరికిన వస్తువు" అని మొత్తం చెప్పాను. విచారణలో అబద్ధం చెప్పిన సంగతితో సహా. ఆ పిల్ల రాసుకోవడం ఆపి, "మీకు లాయరు ఉన్నాడా?" అంది. "నాకు చేపల కొట్టుంది" అన్నాను.

నీ ఒప్పుకోలు మొదటి పేజీలో రంగుల్లో వస్తుంది. నాది ఏడో పేజీలో వచ్చింది, అద్దాల గదులు కట్టేవాడి ప్రకటన కింద. పైన కౌన్సిల్ కొత్త చెత్తబుట్టల వార్త. దాని ఫోటో నా ఫోటో కన్నా బాగా వచ్చింది.

ఏమవుతుందో అని వణికాను. మిసెస్ ఎంట్‌విసిల్ ఆ తర్వాత మా కొట్టుకి రావడం మానేసి, అవతలి వీధిలో నూనె వాసన కొట్టేవాడి దగ్గర కొంటోంది. నాకన్నా ఆవిడకే ఎక్కువ శిక్ష పడింది. ఎవరో గుమ్మం దగ్గర బిస్కెట్ల డబ్బా పెట్టిపోయారు, పేరు లేదు. పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చి, టోపీ తీసి, "ఇన్నేళ్ళకి మీ మీద ఏ కేసూ ఉండదండీ" అని చెప్పి, పెద్ద కాడ్ చేప ఒకటి కట్టించుకు పోయాడు. కేసు ఉంటే బాగుండు అనిపించింది.

డెస్మండ్ ఆ పేపరు రెండుసార్లు చదివి, "నా పేరులో రెండు 'ఎస్' లు వేశారు" అన్నాడు. కాసేపయ్యాక పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాకపోతే వెళ్ళి చూశాను. బొగ్గుల గది వెనక నిలబడి ఏడుస్తున్నాడు. "నేను పిలవకపోతే బాగుండేది బెరిల్" అన్నాడు. మా ఇద్దరి మధ్యా ఆ రోజు గురించి అదే మొదటి మాట. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. కొట్టు తెరవలేదు.

నన్ను క్షమించమని అడగడానికి రాయడం లేదు. జరిగింది నీకు తెలియాలని రాశాను.

బెరిల్


డెప్ట్‌ఫర్డ్,
29 జూన్

బెరిల్ అక్కా,

పడేద్దామనే తెరిచాను.

మోర్‌కాంబ్ పేపరు లండన్‌లో ఎవరూ చదవరు, దేవుడికి దండం. కానీ నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చిన మర్నాడే నోరు జారి హ్యూగోకి, "ఆ బోర్డు మీద ఉన్నది అబద్ధం, వదిలింది నేను కాదు" అనేశాను. విస్తుపోతాడనుకున్నాను. ఎగిరి గంతేశాడు. "గేనర్! ఇది ఇంకా గొప్పగా ఉంది! రెండో బోర్డు పెడదాం, ఎదురుగా! అసలు మనిషెవరు? తీసుకొస్తావా? కూర్చోబెట్టి వీడియో తీద్దాం, ఏడిస్తే ఇంకా మంచిది!" అన్నాడు. కొత్త కళ్ళజోడులోంచి నన్ను చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నా వాళ్ళందరినీ నేనూ అలాగే చూస్తూ వచ్చాను, రాసుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని. అమ్మ గోడవైపు తిరిగినప్పుడు కూడా. ద్రాక్షపళ్ళు బల్ల మీద పెట్టి, మెట్లు దిగుతూ, దాన్ని బోర్డు మీద ఎలా రాయాలా అని అనుకున్నాను. నువ్వొక్కదానివే ఒప్పుకోవాలా?

"అసలు మనిషి లేదు" అన్నాను. ఇంటికి వచ్చి బోర్డు మీద మీగడరంగు మూడు పూతలు కొట్టాను. ఎర్ర రంగు మొండిది, రెండు పూతల్లోంచి కూడా కనపడింది. మ్యూజియం వాళ్ళు నన్ను వదిలేసి, ఇరవై ఏళ్ళుగా కత్తిరించిన తన గోళ్ళని సీసాల్లో దాచిపెట్టిన ఒకాయన్ని తీసుకున్నారు. ఆయన గోళ్ళు నిజంగా ఆయనవేనట, రుజువులున్నాయట. హ్యూగో నాతో మాట్లాడటం లేదు. పేపర్లలో నేను పిచ్చెక్కి బోర్డు పాడుచేశానని వచ్చింది. పిచ్చికి కూడా మంచి పేరే వస్తోంది, దాన్ని గురించి అడగడానికి ఇద్దరు ఫోన్ చేశారు. చెప్పలేదు. ఎందుకు చేశానో ఎవరికీ చెప్పకపోవడం నాకిదే మొదటిసారి. చెప్పని మాట ఇంత బరువుంటుందని తెలీదు. నువ్వు దీంతోనే ఇన్నేళ్ళు చేపలు వేయించావా?

కోపం పోలేదు. పోతుందని మాటివ్వను. రోజూ పొద్దున లేచి పదకొండేళ్ళ పిల్లకి చెప్పుకుంటున్నాను, 'నువ్వు కాదే' అని. అది నమ్మడం లేదు. దానికి ఒక్కటే కావాలి. అది నీ దగ్గరే ఉంది.

నాన్న దిగి వచ్చాడు కదా. నేను లేనని చూశాడు కదా. ఏమన్నాడు? కదలకు అని చెప్పి ఎక్కాడు, దిగేసరికి నేను లేను. తిట్టాడా? నా మీద కోపంతోనే మళ్ళీ ఎక్కాడా? ఆయనతో చివరగా మాట్లాడింది నువ్వే.

నన్ను ఓదార్చడానికి ఏదీ కల్పించకు. తిడితే తిట్టాడని రాయి. మాటకి మాట.

గేనర్


మోర్‌కాంబ్,
2 జూలై

గేనర్‌కి,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. కొట్టు డెస్మండ్‌కి వదిలేసి వెంటనే కూర్చున్నాను.

ఆయన నిచ్చెన దిగి, అటూ ఇటూ చూశాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు. చెవి మీద ఎర్ర రంగు అంటుకుని ఉంది. నేను, "గేనర్ ఏదీ? వదిలేసి పోయిందా?" అన్నాను. నేనే అన్నాను, కాస్త కోపంగానే. ఆయన నవ్వాడు. ఈతకొలను వైపు చెయ్యి చూపించి,

"ఎగిరిపోయింది. బాండు మొదలైనప్పటినుంచీ దాని కాళ్ళు మెట్టు మీద డాన్సు చేస్తూనే ఉన్నాయి, నిచ్చెనంతా ఊగుతోంది. పో పిల్లా అని నేనే అందామనుకుంటున్నా, ఈలోగా అదే పోయింది. మంచి పని చేసింది. ఇంతసేపు పసిదాన్ని నిలబెట్టడానికి నాకు బుద్ధుండాలి" అన్నాడు.

తర్వాత రొట్టె కొరుకుతూ గోడకేసి చూసి, "ఆ రెండో అక్షరం వంకరగా ఉందని పొద్దున్నే చెప్పిందే. నేను విన్లేదు. ఇప్పుడు చూస్తే వంకరే. రానీ, ఒప్పుకుంటాను" అన్నాడు.

అంతే. మాటకి మాట రాశాను. ఇందులో నాది ఒక్క అక్షరం లేదు.

ఇది నీకిచ్చి ఉండాల్సింది. ఆ రోజే. కానీ ఇది నీకు చెప్పాలంటే నేను అక్కడున్నానని చెప్పాలి. అందుకని నేనే ఉంచుకున్నాను. నీది, ఇన్నేళ్ళు నా దగ్గర పెట్టుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి, ఇదిగో.

బెరిల్


డెప్ట్‌ఫర్డ్,
6 జూలై

అక్కా,

అందింది. చాలాసార్లు చదివాను.

ఇది ఎక్కడా రాయను.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రావద్దు. నాకు దారి తెలుసు.

గేనర్